లోపల ఏముంది?

ఏప్రిల్ 14 పొద్దున శ్రీకాకుళంలో జనమంతా అంబేడ్కర్ విగ్రహాల దగ్గర ఉంటారు. పూలదండలు, నీలి జెండాలు, మైకుల్లో పాటలు. కలెక్టరు మొదలు కౌన్సిలరు దాకా అందరూ అటే వెళ్తారు, వెళ్లాలి కూడా. అదే పొద్దున ఫైర్ స్టేషన్ ఆవరణలో ఇంకో కార్యక్రమం జరుగుతుంది. దానికి చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ. ముందురోజే బండి కడిగి, పైపు చివర తగిలించే ఇత్తడి బ్రాంచిలు చింతపండుతో తోమి పెడతారు. సిబ్బంది వరసలో నిలబడతారు. స్థూపం ముందు పుష్పగుచ్ఛం పెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. తర్వాత స్టేషన్ ఆఫీసరు గారు కాగితం చూసి ఒక వాక్యం చదువుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో విధి నిర్వహణలో ప్రాణాలు అర్పించిన 66 మంది అగ్నిమాపక సిబ్బందికి నివాళి అని. ఆ రోజు నుంచి 20వ తేదీ దాకా అగ్నిమాపక వారోత్సవాలు. బజార్లో కరపత్రాలు పంచుతారు, బడుల్లో, ఆసుపత్రుల్లో డెమోలు చేస్తారు, గ్యాస్ బండకి మంట అంటుకుంటే తడి గోనెసంచి ఎలా కప్పాలో చూపిస్తారు.

నేను ఫైర్‌మన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కడికి బదిలీ అయినా ఆ మౌనంలో నిలబడ్డాను. ఎక్కడో బొంబాయి రేవులో పోయినవాళ్ల కోసం నాగావళి ఒడ్డున మనం ఎందుకు తలొంచుకోవాలో చేరిన కొత్తలో బోధపడేది కాదు. ఒకసారి మా డ్రైవర్ ఆపరేటర్ని అడిగేశాను. ఆయన వయసులో పెద్దవాడు. “ఆ ఓడ కథ తెలుసుకోరా బాబూ, మన డ్యూటీ అంతా అందులోనే ఉంది” అన్నాడు. తెలుసుకున్నాను. కాగితం మీది ఆ ఒక్క వాక్యంలో లేని సంగతి చాలా ఉంది.

ఓడ పేరు ఫోర్ట్ స్టికీన్. యుద్ధకాలం సరుకుల కోసం కెనడాలో కట్టిన ఏడువేల టన్నుల ఓడ. 1944 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ నుంచి బయల్దేరింది. అందులో దాదాపు 1,400 టన్నుల మందుగుండు ఉంది, విడిభాగాలుగా పెట్టెల్లో పెట్టిన యుద్ధ విమానాలు ఉన్నాయి, బంగారు కడ్డీలూ ఉన్నాయి. కరాచీలో కొంత సరుకు దించి, ఖాళీ అయిన చోట కొత్త సరుకు ఎక్కించారు. 8,700 పత్తి బేళ్లు, కందెన నూనె డ్రమ్ములు, కలప, గంధకం, బియ్యం, చేపల ఎరువు. పత్తి కింద, మందుగుండు పైన. మామూలు రోజుల్లో ఏ రేవు అధికారీ ఒప్పుకోని సర్దుబాటు అది. కాని అప్పుడు ఓడలకి కరువు, ఎంత చోటుంటే అంత నింపెయ్యడమే.

ఏప్రిల్ 12న ఓడ బొంబాయి చేరింది. మందుగుండు ఉన్న ఓడ రేవు బయటే ఆగి, సరుకును పడవల్లోకి దించుకోవాలన్నది పాత నియమం. యుద్ధం పేరు చెప్పి దాన్ని సడలించారు. ప్రమాదకరమైన సరుకు ఉన్న ఓడ మీద ఎర్ర జెండా ఎగరెయ్యాలి. ఆ రోజు ఫోర్ట్ స్టికీన్ మీద ఎర్ర జెండా ఎగరలేదు. జెండా కనబడితే సరుకు దించడంలో ఆ ఓడ వంతు ముందు రావాలి, రేవంతా హడావిడి పడాలి. అది లేకపోయేసరికి చుట్టూ ఉన్న ఓడలకి తమ పక్కన ఏముందో తెలియలేదు.

14వ తేదీ మధ్యాహ్నం, భోజనాలు ముగించి వచ్చిన కూలీలు రెండో నంబరు అరలోంచి పొగ రావడం చూశారు. రెండు గంటలు కావస్తోంది. ఫైరింజన్లు వచ్చాయి, పైపులు దించాయి. పనిచేస్తున్న హోసులు చివరికి 32 అయ్యాయి. 900 టన్నుల నీళ్లు ఓడలోకి పోశారు. పొగ ఎంత దట్టమంటే మంట ఎక్కడుందో కనబడలేదు, అరలో పోసిన నీళ్లు మరగడం మొదలుపెట్టాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, మా పని తెలిసినవాళ్లకే వెంటనే తట్టే సంగతి. పత్తి బేలు మంట ఒక మొండి మంట. బేలును యంత్రంతో అదిమి కడతారు, అందులో గాలి చిక్కుకునే ఉంటుంది. పైన ఎంత నీళ్లు కొట్టినా జారిపోతాయి, లోపల నిప్పు పాకుతూనే ఉంటుంది. పైగా అరలో నీరు నిండేకొద్దీ బేళ్లు తేలతాయి. పైన మందుగుండు ఉంటే, కింద నిప్పును మనమే దాని దగ్గరికి ఎత్తుతున్నట్టు. ఓడను ఉన్నచోటే ముంచెయ్యాలా, రేవు బయటికి లాక్కెళ్లాలా అని ఒడ్డున అధికారులు తర్జనభర్జన పడుతున్నారు. తేల్చి చెప్పే అధికారం ఫలానావాడిదని ఎక్కడా లేదు. ఈలోగా హోసు పట్టుకున్నవాళ్లు హోసు పట్టుకునే ఉన్నారు.

3 గంటల 50 నిమిషాలకి ఓడ వదిలెయ్యమని ఉత్తర్వు. 4 గంటల 6 నిమిషాలకి ఓడ రెండు ముక్కలయింది. 12 కిలోమీటర్ల దూరంలో కిటికీ అద్దాలు పగిలాయి. 1,700 కిలోమీటర్ల అవతల సిమ్లాలో భూకంపాలు కొలిచే యంత్రం అదిరింది. అరగంట లోపే రెండో పేలుడు. పక్కనున్న జలపద్మ అనే ఓడ రేవు గట్టు మీదికి ఎగిరిపడింది. అంటుకున్న పత్తి ఊరి మీద వానలా కురిసింది, ఇళ్లు తగలబడ్డాయి. మంటలు అదుపులోకి రావడానికి మూడు రోజులు పట్టింది. ఓడ కెప్టెన్ అలెగ్జాండర్ నైస్మిత్ పోయాడు. ఫైర్ బ్రిగేడ్ వాళ్లు 66 మంది పోయారు. మొత్తం చనిపోయినవాళ్లు ఎనిమిది వందలని కొందరు, పదమూడు వందలని కొందరు. 

దాచడం అక్కడితో ఆగలేదు. యుద్ధకాలం సెన్సారు వల్ల ఇక్కడి పత్రికల్లో వార్త రాలేదు. జపాను వాళ్ల చేతిలో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే లోకానికి చెప్పేసింది. మన విలేకరులకి రాసుకోవడానికి అనుమతి దొరికింది మే రెండో వారంలో. తర్వాత జనం నోట నిలిచింది మాత్రం బంగారం కథే. ఇంటి కప్పు చీల్చుకుని కడ్డీ పడిందని, డాక్ పూడిక తీస్తుంటే 2011లో కూడా కడ్డీలు దొరికాయని చెప్పుకుంటారు. ఎన్ని కడ్డీలు పోయాయో చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. 66 మందిలో ఒక్క పేరు చెప్పగలిగినవాళ్లని నేను మా డిపార్టుమెంటులోనే చూడలేదు.

ఆ ఏప్రిల్ నాటికి మన తీరానికి కూడా నిప్పు భయం కొత్త కాదు. రెండేళ్ల ముందు, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979లో. ఇదంతా విశాఖపట్నం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. మా తాత విశాఖ రేవులో కూలి. బాంబులు పడ్డ రాత్రే పిల్లల్ని భుజాన వేసుకుని ఎచ్చెర్ల పక్క మా ఊరికి నడక పట్టాడట. పట్నంలో వీధి దీపాలు ఆర్పించారని, వాకిళ్లలో ఇసుక బకెట్లు పెట్టించారని, సైరన్ మోగితే కందకాల్లో దూరేవాళ్లని చెప్పేవాడు. యుద్ధం అయ్యాక కందకాలు పూడిపోయాయి గాని, ఇసుక బకెట్టు మిగిలిపోయింది. ఇప్పటికీ సినిమా హాలులో, పెట్రోలు బంకులో ఎర్రగా వేలాడేది అదే.

మన ఊళ్లలో మంట అంటే తాటాకు మంట. ఉద్దానంలో, భావనపాడు తీరంలో చుట్టిళ్లు, మెట్టలో కమ్మల పాకలు. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం గాలి లేస్తే పొయ్యి వెలిగించవద్దని పూర్వం ఊళ్లో చాటింపు వేయించేవారని పెద్దలు చెప్పేవారు. ఒక పాక అంటుకుంటే వీధి వీధంతా పోయేది. ఆర్పడం అంటే బిందెలతో నీళ్లు మాత్రమే కాదు, గాలివాటున ఉన్న పొరుగువాడి కప్పును ముందే లాగి పారెయ్యడం. దానికి గుండె కావాలి, పొరుగువాడి ఒప్పుదల కూడా కావాలి. ఫైరింజన్ వచ్చాక ఆ లాగే పని మేం పొడవాటి హుక్కులతో చేసేవాళ్లం. నేను చేరినప్పుడు వేసవిలో మాకు కాల్స్ చాలామటుకు అవే. పాకలు, గడ్డి మేట్లు, కళ్లంలో కుప్పలు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మద్రాసు నుంచి వచ్చిన ఫైర్ సర్వీసు, హైదరాబాదు ఫైర్ సర్వీసు ఒకటయ్యాయి. ఊళ్లలో డాబాలు లేచాయి, పాకలు తగ్గాయి. మంటలు తగ్గాయనుకున్నాం. తగ్గింది తాటాకు. డాబా లోపల పెట్టుకునే వస్తువులు పెరిగాయి.

బండి ఆగీ ఆగక ముందే మేం అడిగే మొదటి ప్రశ్న ఒకటి ఉంది. “లోపల మనుషులున్నారా?” దాని వెంటే, ఊపిరి తీసుకోకుండా, రెండోది. “లోపల ఏముంది?” మొదటిదానికి జనం నిజమే చెప్తారు. రెండోదానికి జవాబు నాకు కంఠతా వచ్చు. “ఏటీ లేదు బాబూ, ఒట్టి సామాను.” ఆ ఒట్టి సామానులో గ్యాస్ బండలు నాలుగుండొచ్చు. దీపావళికి తెచ్చిన బాణసంచా అటక మీద ఉండొచ్చు. ట్రాక్టరు డీజిలు డబ్బాల్లో ఉండొచ్చు. లైసెన్సు లేదని భయం, బీమా రాదని భయం, టాక్సు వాళ్లు వస్తారని భయం. కళ్లముందు ఇల్లు కాలుతున్నా ఆ భయాలు మనిషిని వదలవు. నేను వాళ్లని తిట్టను. కాని ఆ అబద్ధం మీదే అడుగేసి లోపలికి వెళ్లేది మా కుర్రాడు.

ఒకసారి గోగునార గోదాం. గోగు అంటే మన గోంగూర జాతి మొక్కే. దాని నారనే బిమిలి జనపనార అని భీమిలి రేవు నుంచి దేశాలకి ఎగుమతి చేశారు. చిట్టివలసలో 1867లో మిల్లు పెట్టింది ఆ నార కోసమే. నెల్లిమర్ల, రాజాం మిల్లులకీ అదే ఆధారం. ఆ గోదాంలో బేళ్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. బయటికి మంట కనబడదు, పసుపు పచ్చటి పొగ మాత్రం తలుపు సందుల్లోంచి కారుతోంది. నీళ్లు కొడుతున్నాం, ఆరినట్టే ఉంటుంది, గంటకి మళ్లీ పొగ. అప్పుడు నాకు ఫోర్ట్ స్టికీన్ రెండో అర గుర్తొచ్చింది. బేళ్లని ఒక్కొక్కటే కొక్కేలతో బయటికి లాగి, కట్లు కోసి, నేల మీద పరిచి తడిపాం. రెండు రాత్రులు పట్టింది. బేలు కడుపు కోస్తే లోపల ఎర్రటి గూడు, అరచేతి మందాన, గాలి తగలగానే బుస్సుమని లేచేది. ఆ పేర్పు పైన ఇంకేమీ లేదు గనక మేం ఇంటికి వచ్చాం. బొంబాయి వాళ్లకి పైన ఉంది.

పలాసలో జీడి మంట ఇంకో రకం. జీడిపిక్క తొక్కులో నూనె ఉంటుంది, మంటకి నల్లటి పొగ, నీళ్లు కొడితే నూనె తేలి మంట పాకుతుంది. ఆ పొగలో, ఆ నీళ్లలో పనిచేస్తే చేతులు బొబ్బలెక్కుతాయి. జీడి కార్ఖానాల్లో పిక్క ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది, వాళ్లు రోజూ పడేదే అది. లోపల తొక్కు ఉందని ముందే తెలిస్తే నీళ్లకి బదులు నురగ పట్టుకెళ్తాం. తెలియకపోతే మా నీళ్లే మా శత్రువు.

2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంట లేచి దాదాపు నలభై బోట్లు కాలిపోయాయి. ఆ బోట్లలో పనిచేసేవాళ్లలో మన జిల్లాల జాలర్లు ఎంతమందో. ఒక్కో బోటులో డీజిలు ట్యాంకు, వంటకి గ్యాస్ బండ. చీకట్లో ఒకదాని వెంట ఒకటి పేలుతుంటే వాటి మధ్య పైపు లాగడం ఎలాంటిదో చేసినవాళ్లకే తెలుసు. 2025లో ఈ వారోత్సవాలకి సరిగ్గా ముందురోజు, ఏప్రిల్ 13న, అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది పోయారు. ఇక పైడిభీమవరం వైపు మందుల కంపెనీల్లో పేర్చిన డ్రమ్ముల్లో ఏ ద్రావకం ఉందో, దానికి నీళ్లు పనికొస్తాయో లేదో లేబుల్ చూస్తేగాని తెలియదు.

ఇది మన ఒక్క ప్రాంతం జబ్బు అనుకోవద్దు. 1947 ఏప్రిల్ 16న, బొంబాయి పేలుడుకి మూడేళ్లు నిండిన రెండో రోజున, అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఓడలో ఎరువు అంటుకుంది. అమ్మోనియం నైట్రేట్. దాన్ని ఎరువు అనే అందరూ అనుకున్నారు, పొగ రంగు బాగుందని చూడ్డానికి జనం గుమిగూడారు కూడా. ఓడ పేలింది. ఆ ఊరి స్వచ్ఛంద ఫైర్ దళంలో 28 మంది ఉంటే 27 మంది పోయారు. 2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ రేవు గోదాముల్లో చనిపోయినవాళ్లలో, జాడ తెలియకుండా పోయినవాళ్లలో వందమందికి పైగా ఫైర్ సిబ్బందే. 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బేరూత్ రేవుకి పదిమంది దళం వెళ్లింది. గోదాం లోపల 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి పడి ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. తలుపు తాళం విప్పడానికి ముగ్గురు తంటాలు పడుతున్న ఫొటో ఒకటి మిగిలింది. పదిమందీ పోయారు. అక్కడ కాగితాల మీద ఆ సరుకు సంగతి ఉంది. కాల్ వచ్చినప్పుడు మాత్రం ఎవరూ నోరు విప్పలేదు.

బొంబాయికి కూడా 1944తో రుణం తీరలేదు. 2015 మే 9న కాల్బాదేవిలో గోకుల్ నివాస్ అనే పాత భవనం కాలి కూలింది. ముంబై ఫైర్ బ్రిగేడ్ అధికారులు సంజయ్ రాణె, మహేంద్ర దేశాయి, సుధీర్ అమీన్, సునీల్ నేసరీకర్ పోయారు. చివరి ఇద్దరూ ఆ దళంలో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు. ఆఫీసులో కూర్చుని ఉత్తర్వులు ఇవ్వొచ్చు, లోపలికి వెళ్లారు. బైకుల్లాలోని ఫైర్ బ్రిగేడ్ కేంద్ర కార్యాలయంలో 1944 వాళ్ల స్మారకం ఉంది. ఏటా ఏప్రిల్ 14న అక్కడా ఇదే మౌనం.

మౌనం మంచిదే, నేనూ పాటించాను. కాని ఆ ఓడ కథలో మనుషుల్ని చంపింది మంట ఒక్కటే కాదు. ఎగరని ఎర్ర జెండా, సడలిన నియమం, ఎవరూ తీసుకోని నిర్ణయం, నెల రోజులు తొక్కిపెట్టిన వార్త, ఇవన్నీ ఉన్నాయి. దాచిపెట్టడం వల్ల పోయినవాళ్లకి నోరు మూసుకుని నిలబడి నివాళి ఇస్తే సరిపోతుందా? పోయినవాళ్లని ధైర్యవంతులు అనడం తేలిక. ఏం తెలియక పోయారో చెప్పడానికే మనకి నోరు రాదు.

చట్టాలు లేక కాదు. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన సరుకు ఏముందో పనివాళ్లకి, అధికారులకి, చుట్టుపక్కల జనానికి చెప్పితీరాలని దాని సారం. మన రాష్ట్రానికి 1999లో ఫైర్ సర్వీసు చట్టం వచ్చింది. రోడ్డు మీద ఈ పద్ధతి కొంత నయం. ఇచ్ఛాపురం నుంచి మన జిల్లాల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ట్యాంకరు వెనక ఒక పలక ఉంటుంది, దాని మీద నాలుగంకెల సంఖ్య. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంట గ్యాసు. ట్యాంకరు బోల్తా పడితే దూరం నుంచే ఆ అంకె చదువుకుని, ఏం పట్టుకెళ్లాలో, ఎంత దూరంలో జనాన్ని ఆపాలో తేల్చుకుంటాం. డ్రైవరు స్పృహలో లేకపోయినా ఆ పలక నిజం చెప్తుంది. అదే పలక మన గోదాములకి ఎందుకు ఉండదు?

స్టేషన్ ఆఫీసర్లకి నాదొక విన్నపం. వచ్చే ఏప్రిల్ 14న ఆ ఒక్క వాక్యం చదివి ఊరుకోకండి, ఓడ కథ మొత్తం పది నిమిషాలు చెప్పండి, కొత్తగా చేరిన కుర్రాళ్లకి ముందుగా. బైకుల్లా స్మారకం మీది పేర్లు తెప్పించి తెలుగులో రాయించి స్టేషన్ గోడకి పెట్టండి. 66 అనే అంకె మనుషులుగా మారాలి.

వ్యాపారులకీ, మిల్లుల వాళ్లకీ, ఇళ్లవాళ్లకీ ఇంకో మాట. వారోత్సవాల్లో మా కుర్రాళ్లు కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకోకండి. దాని వెనకవైపు మీ గోదాంలో ఏముందో, ఎంత ఉందో, ఏ మూల ఉందో రాసి స్టేషన్లో ఇవ్వండి. తలుపు మీద పెద్ద అక్షరాలతో అదే రాసి పెట్టండి. 101కి ఫోన్ చేసినప్పుడు చిరునామాతో పాటు ఆ మాట కూడా చెప్పండి. లైసెన్సు లేకపోతే జరిమానానో కేసో మీ మీద పడుతుంది, అంతే. చెప్పకపోతే ఆ లెక్క వేరేవాళ్ల ఇంట్లో తేలుతుంది.